చిల్లు చిన్నదే.. భారం పెద్దది

* ప్రెషర్ వెసెళ్ల నాజిళ్లకు అదనపు బలం తప్పనిసరి
* లెక్క లేకుండా చేసే మార్పులతోనే ముప్పు
* ప్యాడ్‌పై ఉండే సన్నని రంధ్రాన్ని మూసేయరాదు

విశాఖపట్నం: చొక్కాకు గుండీ పట్టేందుకు గుడ్డను కత్తిరించిన దర్జీ ఆ చీలికను అలాగే వదిలేయడు. దాని అంచు చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా కాజా కుడతాడు. ఆ కుట్టు లేకపోతే లాగుడుకు చీలిక పెరిగి గుడ్డ చిరిగిపోతుందని అతనికి తెలుసు. విశాఖ, అనకాపల్లి జిల్లాల్లోని చమురు శుద్ధి, ఎరువుల, రసాయన, ఔషధ కర్మాగారాల్లో కనిపించే ఉక్కు పీడన పాత్రలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వాటి గోడకు ఎక్కడ చిల్లు చేసినా దాని చుట్టూ అదనపు లోహాన్ని చేర్చాలి. ఎంత చేర్చాలన్నది అంచనాతో కాక లెక్కతో తేల్చాలి. ఆ లెక్క తప్పినా, అసలు వేయకపోయినా మూల్యం చెల్లించేది పాత్ర పక్కన నిలబడి పనిచేసే కార్మికుడే.

అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో 2024 ఆగస్టు 21న ద్రావకం లీకై సంభవించిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. లోపల ఉండవలసిన ద్రవం బయటికి వస్తే ఎంతటి ఘోరం జరుగుతుందో ఆ ఘటన ఈ ప్రాంత ప్రజలకు చూపింది. లీకుకు కారణాలు ఎన్నో రకాలు. పీడన పాత్ర విషయానికి వస్తే దాని గోడలో నిరంతరం కనిపెట్టి ఉండవలసిన చోటు నాజిల్ మొదలు. పాత్రలోకి ద్రవమో ఆవిరో రావడానికి, పోవడానికి, కొలత పరికరాలు అమర్చడానికి, శుభ్రం చేసేందుకు మనిషి లోపలికి దిగడానికి గోడకు చిల్లు చేసి అతికించే పొట్టి గొట్టాన్నే నాజిల్ అంటారు. నాజిళ్లు లేని పాత్ర ఉండదు. అవి ఉన్న చోట గోడ తెగక తప్పదు.

గోడలో దాగి ఉన్న లాగుడు

ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌లో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఉంటుంది. కర్మాగారాల్లోని పాత్రల్లో అది పది, ఇరవై, కొన్నిచోట్ల వంద కిలోలు దాటుతుంది. ఈ పీడనం గోడను బయటికి నెడుతుంది. గోడ పగలకుండా నిలవాలంటే దానిలోని ఉక్కు అంతటి బలంతో తనను తాను పట్టి ఉంచుకోవాలి. ఇలా లోహంలో ప్రతి చదరపు సెంటీమీటరు మోసే బలాన్నే ఇంజినీర్లు ప్రతిబలం లేదా స్ట్రెస్ అని వ్యవహరిస్తారు.

రెండు మీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల మందం గల నిలువు పాత్రను ఉదాహరణగా తీసుకుందాం. లోపల పీడనం పది కిలోలు. పీడనాన్ని వ్యాసంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే గోడ చుట్టూ సాగే లాగుడు ఎంతో తెలుస్తుంది. ఈ పాత్రలో అది చదరపు సెంటీమీటరుకు 833 కిలోలు. బండి చక్రానికి బిగించిన ఇనుప పట్టా ఎలా లాగబడి ఉంటుందో పాత్ర గోడ కూడా అలాగే చుట్టుకొలత దిశలో లాగబడి ఉంటుంది. పొడవు దిశలో ఉండే లాగుడు ఇందులో సరిగ్గా సగం. స్తూపాకారపు పాత్రలు పగిలినప్పుడు అడ్డంగా కాక నిలువునా చీలడానికి ప్రధాన కారణం ఇదే.

పాత్రల తయారీలో విరివిగా వాడే 516 గ్రేడ్ 70 రకం ఉక్కు సాధారణ ఉష్ణోగ్రతల్లో చదరపు సెంటీమీటరుకు సుమారు 4,900 కిలోల వద్ద తెగుతుంది. 2,650 కిలోల వద్దనే తిరిగి యథాస్థితికి రాకుండా సాగడం మొదలవుతుంది. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ప్రమాణం తెగే బలాన్ని మూడున్నరతో భాగించి, 1,400 కిలోలకు మించి ప్రతిబలాన్ని అనుమతించదు. ఆ లెక్కన 833 కిలోలు నిక్షేపంగా సురక్షితం. అయితే ఇది చిల్లులేని గోడకే వర్తిస్తుంది.

చిల్లు అంచున రెండున్నర రెట్లు

కాలువ మధ్యలో రాతి స్తంభం ఉంటే నీరు ఆగిపోదు. స్తంభానికి ఇరుపక్కలా వంగి, అక్కడ ఒత్తుగా, వేగంగా ప్రవహిస్తుంది. గోడలోని లాగుడు కూడా అంతే. చిల్లు చేసిన చోట లోహం పోయినంత మాత్రాన అది మోస్తున్న బలం పోదు. చిల్లును చుట్టి వెళ్తూ దాని అంచున కిక్కిరిసిపోతుంది. దీనినే ప్రతిబల కేంద్రీకరణ అంటారు.

ఈ కేంద్రీకరణ ఎంతన్నది జర్మన్ ఇంజినీరు కిర్ష్ 1898లో గణితపరంగా తేల్చారు. ఒకే దిశలో లాగుతున్న వెడల్పాటి పలకకు గుండ్రని చిల్లు చేస్తే అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది. చిల్లు పెద్దదా చిన్నదా అన్నదానితో ఆ మూడు రెట్లకు సంబంధం లేదు. పీడన పాత్రలో రెండు దిశల్లోనూ లాగుడు ఉంటుంది కాబట్టి లెక్క కొంత మారుతుంది. గోళాకారపు పాత్రలో రెండు రెట్లు, స్తూపాకారపు పాత్రలో రెండున్నర రెట్లు వస్తుంది. వంపు తిరిగిన పలుచని గోడలో చిల్లు పెద్దదైతే ఇది మరింత పెరుగుతుంది.

పై ఉదాహరణలోని పాత్రకు దీనిని అన్వయిస్తే చిత్రం మారిపోతుంది. చిల్లు అంచున ప్రతిబలం 833 నుంచి 2,080 కిలోలకు చేరుతుంది. కొన్నేళ్లు గడిచి తుప్పు వల్ల గోడ మూడు మిల్లీమీటర్లు అరిగి, తొమ్మిది మిల్లీమీటర్లే మిగిలితే మామూలు గోడలో ప్రతిబలం 1,111 కిలోలు. అది ఇంకా హద్దులోనే ఉంది. కానీ బలం చేర్చని చిల్లు అంచున 2,770 కిలోలు దాటుతుంది. అంటే ఉక్కు శాశ్వతంగా సాగిపోయే హద్దు దాటినట్లే. గోడ అంతా భద్రంగా ఉన్నా చిల్లు పక్కన మాత్రం లోహం లొంగిపోతుంది.

ఈ గణితంలోనే ఒక ఊరట కూడా ఉంది. అంచున ఎంత తీవ్రంగా ఉన్నా, కిక్కిరిసిన ఈ ప్రతిబలం దూరం పోయేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. అంచు నుంచి చిల్లు వ్యాసార్ధమంత దూరం వెళ్లేసరికి అది మామూలు కంటే పావువంతు కూడా ఎక్కువ ఉండదు. కాబట్టి బలం చేర్చవలసింది చిల్లుకు చేరువలోనే. దూరంగా ఎంత ఉక్కు చేర్చినా ఫలితం ఉండదు. కాజా కుట్టును దర్జీ చీలిక అంచునే వేస్తాడు తప్ప జేబు దగ్గర వేయడు కదా!

పోయిన ఉక్కును తిరిగి ఇవ్వాలి

రూపకర్తలు ఎక్కువగా అనుసరించే పద్ధతి పేరు వైశాల్య భర్తీ. చిల్లును మధ్యకు కోసి చూస్తే ఎంత లోహం పోయిందో అంత లోహాన్ని చిల్లు పరిసరాల్లోనే తిరిగి సమకూర్చాలన్నది దీని సారాంశం. అయితే ప్లేటు పూర్తి మందాన్ని భర్తీ చేయనవసరం లేదు. పీడనాన్ని తట్టుకునేందుకు నిజంగా అవసరమైన మందాన్ని లెక్కలోకి తీసుకుంటే చాలు.

మన ఉదాహరణలోని పాత్రకు పది కిలోల పీడనం తట్టుకునేందుకు కావలసిన మందం 7.2 మిల్లీమీటర్లు. దానికి 300 మిల్లీమీటర్ల చిల్లు చేశారనుకుందాం. పోయిన వైశాల్యం 300ను 7.2తో గుణిస్తే 2,160 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు జమ వైపు చూడాలి. తుప్పు కోసం కేటాయించిన మూడు మిల్లీమీటర్లు తీసేస్తే గోడ మందం తొమ్మిది. అందులో అవసరానికి మించి ఉన్నది 1.8 మిల్లీమీటర్లు. అది 540 చదరపు మిల్లీమీటర్లు ఇస్తుంది. నాజిల్ గొట్టపు గోడలోని మిగులు మందం నుంచి మరో 380 వరకు రావచ్చు. జమ మొత్తం 920. ఖర్చు 2,160. లోటు 1,240 చదరపు మిల్లీమీటర్లు.

ఈ లోటును పూడ్చేదే నాజిల్ చుట్టూ కంకణంలా వేసే ఉక్కు పలక. వర్క్‌షాపుల్లో దీన్ని ఆర్‌ఎఫ్ ప్యాడ్ అని పిలుస్తారు. 12 మిల్లీమీటర్ల ప్లేటుతో చేస్తే నాజిల్‌కు ఒక్కో పక్క కనీసం 52 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. ఇది విషయం అర్థమయ్యేందుకు చెప్పిన స్థూల లెక్క. అసలు రూపకల్పనలో తుప్పు పట్టాక పెరిగే వ్యాసం, వెల్డింగ్ లోహం, ప్యాడ్ ఉక్కు నాణ్యత వంటి అంశాలన్నీ చేరతాయి.

ఈ జమాఖర్చుకు ఒక సరిహద్దు కూడా ఉంది. చిల్లు మధ్యబిందువు నుంచి ఒక్కో పక్క చిల్లు వ్యాసమంత దూరం వరకు ఉన్న లోహాన్నే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. కిర్ష్ గణితం ప్రకారం కేంద్రీకరణ చల్లబడేది కూడా సరిగ్గా అక్కడే. ఇక రెండు నాజిళ్లు దగ్గర దగ్గరగా ఉంటే మధ్యలోని లోహాన్ని ఇద్దరి ఖాతాలోనూ జమ చేయకూడదు. ఒకే ఎకరాన్ని ఇద్దరికి అమ్మినట్లవుతుంది. పాత నాజిల్ పక్కనే కొత్త నాజిల్ వేయించే కర్మాగారాలు మరచిపోయే అంశం ఇదే. కొత్తదానికి ప్యాడ్ వేసినా పాతదాని బలంలో కొంత అది తినేస్తుంది.

మరీ చిన్న చిల్లులకు ఈ లెక్క నుంచి మినహాయింపు ఉంది. పది మిల్లీమీటర్లు మించని మందం గల గోడలో 89 మిల్లీమీటర్ల వరకు, అంతకంటే మందమైన గోడలో 60 మిల్లీమీటర్ల వరకు ఉండే చిల్లులకు, పీడనం వేగంగా మారుతూ ఉండకపోతే విడిగా భర్తీ లెక్క అక్కర లేదు. అంతమాత్రాన అవి నిరపాయమని కాదు. సన్నని గొట్టానికి బరువైన వాల్వు వేలాడుతూ, పక్కనే పంపు అదురుతూ ఉంటే ఆ గొట్టం మొదట్లో సన్నని పగులు పుట్టి క్రమంగా పెరుగుతుంది. అందుకే ఇటువంటి చిన్న నాజిళ్లకు రెండు పక్కలా గస్సెట్ పలకలు వేస్తారు.

ఆ సన్నని రంధ్రం ఎందుకు?

ఆర్‌ఎఫ్ ప్యాడ్‌ను పరిశీలనగా చూస్తే దానిపై చిటికెన వేలు కూడా పట్టని ఒక రంధ్రం కనిపిస్తుంది. తయారీలో జరిగిన పొరపాటని కొత్తగా చేరిన కార్మికులు భావించవచ్చు. నిజానికి అది పాత్రకు కాపలాదారు. ఆంగ్లంలో దీనికి టెల్ టేల్ హోల్ అని పేరు. గుట్టు విప్పే రంధ్రమని అర్థం.

దీని పనులు మూడు. ప్యాడ్‌ను నాలుగువైపులా వెల్డింగ్ చేసేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి బయటికి పోయేందుకు దారి ఇవ్వడం మొదటిది. తయారీ పూర్తయ్యాక ఈ రంధ్రం గుండా తక్కువ పీడనంతో గాలి పంపి, వెల్డింగ్ అతుకులపై సబ్బు నీరు రాస్తే లోపమున్న చోట బుడగలు వస్తాయి. ఇది రెండోది. మూడోది అన్నింటికంటే ముఖ్యమైనది. పాత్ర పనిచేస్తున్న రోజుల్లో ప్యాడ్ కింద దాగిన నాజిల్ వెల్డింగ్ పగిలితే లోపలి ద్రవం ముందుగా ఈ రంధ్రం నుంచే చెమ్మగా, చుక్కలుగా, వాసనగా బయటపడుతుంది. కంటికి కనిపించని చోట మొదలైన లోపాన్ని పెను ప్రమాదంగా మారకముందే బయటపెడుతుంది.

చుక్కలు పడుతున్నాయని ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తోనో బిగుతైన బోల్టుతోనో మూసేస్తే ముప్పు కొనితెచ్చుకున్నట్లే. లీకు ఆగదు. ప్యాడ్‌కు, గోడకు మధ్య పూర్తి పీడనం పేరుకుంటుంది. ప్యాడ్ అంచు వెల్డింగ్‌ను ఆ పీడనం కోసం రూపొందించి ఉండరు. తుప్పు పట్టకుండా, నీరు చొరకుండా రంధ్రాన్ని మూయవచ్చు గానీ, పీడనం వస్తే నిలవలేని గ్రీజు వంటి పదార్థంతోనే మూయాలని ప్రమాణం స్పష్టంగా చెబుతోంది.

పైపు తెచ్చే బరువు

వైశాల్య భర్తీతో సమస్య సగమే తీరుతుంది. అది లోపలి పీడనానికి సంబంధించిన లెక్క మాత్రమే. నాజిల్‌కు తగిలించిన పైపు కూడా దాన్ని నెడుతుంది, లాగుతుంది, వంచుతుంది, మెలితిప్పుతుంది.

ఉక్కు వంద డిగ్రీల వేడికి మీటరుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 20 మీటర్ల తిన్నని పైపు 200 డిగ్రీలు వేడెక్కితే 48 మిల్లీమీటర్లు సాగాలి. ఆ సాగుడుకు చోటివ్వకపోతే దాని తోపుడంతా పాత్ర నాజిల్‌పై పడుతుంది. పైపుల మార్గంలో అక్కడక్కడా కనిపించే వంకరలు, లూపులు అందంకోసం వేసినవి కావు. ఈ సాగుడును మింగేందుకు వేసినవే. స్థలం కలిసి వస్తుందనో, పైపు ఆదా అవుతుందనో లూపు తీసేసి తిన్నగా కలిపితే నాజిల్ మొదలే దానికి బలి అవుతుంది.

ఇటువంటి బయటి బలాల వల్ల గోడలో కలిగే ప్రతిబలాలను లెక్కించేందుకు అమెరికాలోని వెల్డింగ్ పరిశోధన మండలి 1965లో 107వ బులెటిన్‌ను వెలువరించింది. బిజ్‌లార్డ్ అనే శాస్త్రవేత్త 1950వ దశకంలో చేసిన సిద్ధాంత కృషి దానికి పునాది. గ్రాఫుల సాయంతో చేతి లెక్కతోనే సమాధానం రాబట్టే వీలు కల్పించిన ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాప్తిలోకి వచ్చింది. అది పాత్ర గోడలోని ప్రతిబలాలనే ఇస్తుంది. నాజిల్ గొట్టంలోనివి ఇవ్వదు. ఆ వెలితిని కొంతవరకు తీర్చేందుకు 1984లో 297వ బులెటిన్ వచ్చింది. పాత గ్రాఫులను సమీకరణాల రూపంలోకి మార్చి 2010లో 537వ బులెటిన్‌ను ప్రచురించారు.

ప్యాడ్ ఉన్న నాజిల్‌కు రెండు చోట్ల పరీక్ష తప్పదు. ఒకటి నాజిల్ గోడను కలిసే చోటు. రెండోది ప్యాడ్ ముగిసే అంచు. ప్యాడ్ కింద మందంగా ఉన్న గోడ అంచు దాటగానే ఒక్కసారిగా పలచబడుతుంది. మొదటి చోట భద్రమని తేలినా రెండో చోట హద్దు దాటే సందర్భాలు ఉంటాయి.

సుద్దముక్కతో గీసిన డ్రాయింగ్

లెక్క లేకుండా చేసిన మార్పు ఎక్కడికి దారితీస్తుందో బ్రిటన్‌లోని ఫ్లిక్స్‌బరో దుర్ఘటన చాటుతుంది. అక్కడి రసాయన కర్మాగారంలో ఆరు రియాక్టర్లు వరసగా, ఒకదాని కంటే ఒకటి కాస్త దిగువగా ఉండేవి. వేడి సైక్లోహెక్సేన్ ఒకదాన్నుంచి మరొకదానిలోకి 28 అంగుళాల నాజిళ్ల గుండా పారేది. 1974 మార్చిలో ఐదో రియాక్టర్ గోడలో పగులు కనిపించింది. దాన్ని తొలగించి, నాలుగు, ఆరు రియాక్టర్లను తాత్కాలికంగా ఒక 20 అంగుళాల పైపుతో కలిపారు. ఎత్తులో తేడా ఉన్నందున ఆ పైపు మధ్యలో రెండు మెలికలు తిరిగింది. దాని రెండు కొసలను రియాక్టర్ల నాజిళ్లకు ఉన్న బెలోస్ అనే ముడతల గొట్టాలకు తగిలించారు. కింద ఆసరాగా పెట్టింది పరంజీ గొట్టాలే.

ఈ పనికి పూర్తిస్థాయి డ్రాయింగ్ లేదు. వర్క్‌షాపు నేలపై సుద్దముక్కతో గీసిన బొమ్మే ఆధారం. పీడనం వల్ల ఆ ముడతల గొట్టాల వద్ద పుట్టే తోపుడు 30 టన్నులు దాటుతుందని, పైపు మెలిక తిరిగి ఉన్నందున అది పైపును వంచుతుందని ఎవరూ లెక్క వేయలేదు. కూర్చిన పైపును తొమ్మిది కిలోల పీడనం వరకు పరీక్షించారు. భద్రతా వాల్వు తెరుచుకునేది మాత్రం 11 కిలోల వద్ద. అదే ఏడాది జూన్ 1న, శనివారం సాయంత్రం ఆ పైపు ఊడిపోయింది. ఎగజిమ్మిన ఆవిరి మేఘం అంటుకుని పేలింది. 28 మంది మరణించారు. సెలవు దినం కాకపోయి ఉంటే మృతుల సంఖ్య ఇంకెంతో పెరిగేది.

అక్కడ విఫలమైంది నాజిల్ ప్యాడ్ కాదు, రెండు నాజిళ్ల మధ్య వేసిన పైపు. అయినా నాజిళ్ల విషయంలో ఆ ప్రమాదం నేర్పే పాఠం ఒక్కటే. పాత్ర రూపకర్త ఊహించిన బలాలు వేరు, తర్వాత చేసిన మార్పుతో వచ్చిన బలాలు వేరు. ఆ తేడాను లెక్కగట్టే మనిషి లేనప్పుడు పైకి చక్కగా కనిపించే పని కూడా మృత్యువుకు దారి తీస్తుంది.

ఎర్ర రంగంతా ప్రమాదం కాదు

ఇప్పుడు క్లిష్టమైన నాజిళ్లను కంప్యూటర్ సాయంతో విశ్లేషిస్తున్నారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో గోడను వేలాది చిన్న ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కలోని ప్రతిబలాన్ని లెక్కిస్తారు. ఫలితం రంగుల పటంగా తెరపై కనిపిస్తుంది. ఎక్కువ ప్రతిబలం ఉన్న చోటు ఎరుపు, తక్కువ ఉన్న చోటు నీలం.

అయితే రంగును చూసి తీర్పు చెప్పరాదు. వెల్డింగ్ మూల వంటి పదునైన చోట ముక్కలను ఎంత చిన్నవి చేస్తే ప్రతిబలం అంత పెరుగుతూ పోతుంది. అది లెక్క తాలూకు చిత్రమే తప్ప ఉక్కులో ఉన్న నిజం కాకపోవచ్చు. అందుకే ఇంజినీర్లు గోడ మందంలో ప్రతిబలాన్ని మూడు భాగాలుగా విడదీస్తారు. మందమంతటినీ సమంగా లాగేది ఒకటి. ఒక పక్క లాగి మరో పక్క నొక్కుతూ వంచేది రెండోది. అంచున మాత్రమే ఎగసిపడే శిఖర ప్రతిబలం మూడోది.

మొదటిది హద్దు దాటితే గోడ ఒక్కసారిగా లొంగిపోవచ్చు. కనుక దానిపై ఆంక్షలు కఠినం. శిఖర ప్రతిబలం ఒక్కసారికి హాని చేయదు. కానీ పాత్రను రోజుకు పలుమార్లు నింపి, వేడిచేసి, ఖాళీ చేస్తుంటే అదే చోట లోహం అలసి పగులుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్లే ఇదీ. ఒక్కో రకానికి ఒక్కో హద్దు పెట్టే ఈ ఆలోచన అమెరికన్ ప్రమాణాల్లోకి 1963లో అణు విద్యుత్ పాత్రల విభాగం ద్వారా, 1968లో సాధారణ పాత్రల రెండో విభాగం ద్వారా ప్రవేశించింది.

బ్యాచ్‌ల వారీగా నడిచే ఔషధ రియాక్టర్లకు ఈ అలసట లెక్క ముఖ్యమైనది. తరచూ వేడెక్కి చల్లబడే పాత్రలకు ప్యాడ్ అంతగా నప్పదు. ప్యాడ్‌కు, గోడకు మధ్య ఉండే సన్నని సందు వేడిని సరిగా పోనివ్వదు. ఒకటి వేడెక్కి రెండోది చల్లగా ఉండి అతుకుల వద్ద లాగుడు పెరుగుతుంది. ఇటువంటి చోట్ల ప్యాడ్‌కు బదులు మొదట్లోనే మందంగా ఉండేలా పోతపెట్టకుండా సాగగొట్టి చేసిన ఫోర్జింగ్ నాజిళ్లను వాడతారు.

తయారీలో విశాఖకు అనుభవం

పీడన పాత్రల తయారీ విశాఖకు కొత్త కాదు. 1957లో కాల్టెక్స్ పేరిట మొదలైన చమురు శుద్ధి కర్మాగారం ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం ఆధ్వర్యంలో నడుస్తోంది. భారీ పాత్రల తయారీ కోసమే భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ సంస్థ 1966లో ఏర్పాటైంది. అది 2013లో భెల్‌లో విలీనమైంది. ప్లేటును వంచడం, నాజిల్‌కు చిల్లు కోయడం, ప్యాడ్‌ను సందు లేకుండా గోడ వంపుకు సరిపెట్టడం తెలిసిన పనివారు ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్నారు.

దేశంలో మంట తగలని పీడన పాత్రల రూపకల్పనకు 1969లోనే ఐఎస్ 2825 ప్రమాణం వచ్చింది. సంపీడిత వాయువులు నిల్వచేసే పాత్రలకు 1981 నాటి నిబంధనల స్థానంలో 2016లో కొత్తవి అమల్లోకి వచ్చాయి. కొత్త పాత్ర ఈ తనిఖీలన్నీ దాటుకునే కర్మాగారానికి చేరుతుంది. దాని నాజిళ్ల లెక్కలు పత్రాలపై ఉంటాయి. రూపకల్పన పీడనం కంటే ఎక్కువ పీడనంతో నీరు నింపి పరీక్షిస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. ఏళ్లు గడిచాక అవసరాన్ని బట్టి కొత్త గొట్టం అతికించడం, పాత నాజిల్‌ను పెద్దది చేయడం, బరువైన వాల్వు తగిలించడం వంటి పనులు షట్‌డౌన్ హడావుడిలో జరిగిపోతాయి. అప్పుడు పాత్ర వయసు పెరిగి ఉంటుంది. మందం తగ్గి ఉంటుంది. లెక్క మాత్రం మొదటిరోజుదే ఉంటుంది.

ఔషధ కర్మాగారాల్లోని గ్లాస్ లైనింగ్ రియాక్టర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటి గోడపై బయట నుంచి వెల్డింగ్ చేసినా వేడికి లోపలి గాజుపూత పగులుతుంది. ఆ పగులు గుండా ఆమ్లం ఉక్కును చేరి తినేస్తుంది. ఆ రియాక్టర్ గోడపై వెల్డింగ్ రాడ్ పెట్టనే కూడదు.

450 మిల్లీమీటర్ల మ్యాన్‌హోల్ మూతను పది కిలోల పీడనం దాదాపు 16 టన్నుల బలంతో బయటికి నెడుతుంది. నిండుగా సరకు ఎక్కించిన లారీ బరువంత అది. ఆ బలాన్నంతా ఆపి ఉంచేది నాజిల్ చుట్టూ ఉన్న వెల్డింగ్, దాని పక్కనే ఉన్న కాస్త ఉక్కు. ఆ కాస్త ఉక్కు ఎంత ఉండాలో తెలియకుండా దాన్ని ముట్టుకోకూడదన్నదే ఈ శాస్త్రమంతటి సారం.

కార్మికులు, పర్యవేక్షకులు గమనించాల్సినవి

* ప్యాడ్‌పై ఉన్న సన్నని రంధ్రం నుంచి చెమ్మ, ఆవిరి, వాసన వస్తే వెంటనే పై అధికారికి తెలపాలి. పాత్రను సురక్షితంగా ఆపి, పీడనం తీసేశాకే పరిశీలించాలి.

* ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తో గానీ బిగుతైన బోల్టుతో గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ మూయరాదు.

* రూపకల్పన లెక్క, ఆమోదించిన డ్రాయింగ్ లేకుండా పాత్ర గోడకు చిల్లు చేయరాదు. చిన్న బ్రాకెట్‌నైనా అతికించరాదు.

* తనిఖీల్లో మందం కొలిచేటప్పుడు గోడ మధ్యనే కాక నాజిళ్ల చుట్టూ కూడా కొలవాలి. తుప్పు కోసం కేటాయించిన మందం దాటి అరిగి ఉంటే నాజిళ్ల లెక్క తిరిగి వేయించాలి.

* పైపు ఫ్లాంజ్, నాజిల్ ఫ్లాంజ్ కలవకపోతే చైన్‌బ్లాకుతో లాగి బోల్టులు బిగించరాదు. ఆ లాగుడు పాత్ర ఉన్నన్నాళ్లూ నాజిల్‌పైనే ఉండిపోతుంది.

* పైపు కింది ఆసరాలను, స్ప్రింగు సపోర్టులను అడ్డం వచ్చాయని తొలగించరాదు. మరమ్మతు కోసం తీసినవాటిని ఉత్పత్తి మొదలుపెట్టకముందే యథాస్థానంలో అమర్చాలి.